పన్నెండో కార్డు

టక టక టక, టప్. టక టక, టప్. స్పేస్‌బార్ మీద బొటనవేలు కాస్త బరువుగానే పడుతోంది, పడనీ, మొదటి పది నిమిషాలూ ఎవరికైనా అంతే, భయమంతా ముందు బొటనవేలిలోకే దిగుతుంది, అదే సర్దుకుంటుంది అనుకుంటూ ప్రేమమణి కళ్లు మూసుకుని వింటోంది. మూసిన తలుపుకు ఇవతల వరండాలో, ఒక కాలు పొట్టిదైన బెంచీ మీద ఆమె. తలుపుకు అవతల, సైనిక్‌పురిలోని ఆ స్కూలు కంప్యూటర్ గదిలో, జెబా. పద్నాలుగేళ్లది, తొమ్మిదో తరగతి. పదకొండు నుంచి పన్నెండు దాకా ఒక్కటంటే ఒక్క గంట. ఈ గంటలో ఇంగ్లీషులో ఒక ఉత్తరం, ఒకటిన్నర పేజీకి తగ్గకుండా, ఎవరి సాయమూ లేకుండా టైపు చేసి చూపిస్తే, పదో తరగతి పరీక్షలు ఈ పిల్లను కీబోర్డు మీద రాయనివ్వండని హెడ్‌మిస్ట్రెస్ కల్పలత మేడం బోర్డుకు రాస్తుంది. లేకపోతే రాయదు. అప్పుడు ఇంకెవరినో పక్కన కూర్చోబెడతారు, జెబా చెబుతూ ఉంటే వాళ్లు రాస్తారు. ఆ సంగతి వినగానే జెబా అన్న మాట ప్రేమమణి చెవిలో ఇంకా అలాగే ఉంది. "గట్లయితే అది ఆమె రాసినట్టు కద టీచర్. నాది ఏడుంటది?" ఏడుంటదే తల్లీ, నిజమే, ఏడుంటది. ఆ మాట నాకు పందొమ్మిదేళ్లప్పుడు విని ఉంటే. సరే, ఇప్పుడెందుకవన్నీ, ముందు ఇది విను. టక టక టక, టప్.

వినడం ఒక్కటే ఆమెకు వచ్చిన విద్య. సికింద్రాబాద్‌లో కార్ఖానా మెయిన్ రోడ్డు వెనక సందులో, తండ్రి ఏసురత్నం పెట్టిన గ్రేస్ టైప్‌రైటింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పన్నెండు మెషిన్లు ఒకేసారి మోగుతుంటే, గోడవైపు తిరిగి హాజరు పట్టీ రాసుకుంటూనే "ఏడో నంబరు, ఉంగరపు వేలు బద్ధకిస్తోంది" అని కేక వేసేది. ఏడో నంబరు మీద కూర్చున్నవాడికి గుండె జారేది, ఈవిడకు వీపు మీద కూడా కళ్లున్నాయా అని. కళ్లెక్కడివి నాయనా, అవి చెవులు. అసలు టైపు నేర్చుకోవడం అంటేనే కళ్లను ఇంటి దగ్గర వదిలేసి రావడం. అక్షరాల మీద చూపు పడకుండా చేతుల మీద చెక్కమూత పెట్టేవాడు నాన్న, చూసి కొట్టేవాడు జన్మలో గుమాస్తా కాలేడనేవాడు. ఇప్పటి కీబోర్డులు చప్పుడు చేయకుండా దొంగల్లా పనిచేస్తాయి, అవంటే ఆమెకు ఒళ్లుమంట. అందుకే జెబా కోసం వెతికి వెతికి టకటకమని మోగే పాత కీబోర్డు ఒకటి సంపాదించి, ఇవాళ దాన్నే గుడ్డసంచిలో వేసుకుని, ఆటోలో ఒడిలో పెట్టుకుని వచ్చింది. కంప్యూటర్ సారు ఆశీష్, కుర్రాడు, దాన్ని చూసి "ఇంకా నడుస్తుందా మేడం ఇది?" అని నవ్వాడు. నడుస్తుంది నాయనా, నేను నడవడం లేదూ.

పక్కన బానో. జెబా తల్లి. బోయిన్‌పల్లి మార్కెట్లో ఉల్లిగడ్డల కొట్టును భర్తకు వదిలేసి వచ్చింది. దుపట్టా అంచు వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. ఒడిలో డబ్బా, కూతురికి ఇష్టమని పొద్దున్నే సేమ్యా చేసి తెచ్చింది, అయినాక తింటది అంటూ. అవకపోతే ఏమిటన్నది ఇద్దరూ పైకి అనలేదు. చప్పుడు ఒక్క క్షణం ఆగేసరికి బానో చెయ్యి వచ్చి ప్రేమమణి మోచేతిని పట్టుకుంది.

"ఆంటీ, ఆపిందా ఏందీ?"

"ఆపలేదమ్మా. పేరా మారింది. కుడి చిటికెనవేలు రెండుసార్లు పడింది, విన్నావా?"

"మీకు ఎట్ల తెలుస్తది ఆంటీ గిదంతా! నాకైతే అంతా వాన పడ్డట్టే ఉన్నది."

నీకు వాన, నాకు మాటలు. ఈ పిల్లను ఎన్నన్నారు, ఎన్నేళ్లు అన్నారు. బద్ధకం అన్నారు, పొగరు అన్నారు, తలకాయలో ఏం లేదన్నారు. అడిగితే పాఠమంతా గడగడా అప్పజెప్పేది, తండ్రి కొట్టులో బస్తాల లెక్క నోటితోనే తేల్చేసేది, పెన్ను పట్టుకుంటే మాత్రం అరగంటకు రెండు లైన్లు, అవీ తిరగబడ్డ అక్షరాలు, కాగితం చిరిగేలా ఒత్తి ఒత్తి. చివరికి స్కూలు కౌన్సెలర్ దీనికో పేరుందని చెప్పింది, డిస్లెక్సియా అనో ఏదో, ఆ పేరు విని బానో అదేదో పెద్ద రోగమనుకుని వారం రోజులు సరిగ్గా అన్నం ముట్టలేదు. టైపు నేర్పించి చూడండి అన్నదీ ఆ కౌన్సెలరే. ఈ రోజుల్లో టైపు నేర్పేదెవరు, కార్ఖానాలో ఒక ముసలామె ఉందట అని ఆరా తీస్తూ వచ్చారు తల్లీకూతుళ్లు. ప్రేమమణికి ఆ పెద్ద పేర్లు తెలియవు. ఆమెకు తెలిసింది ఒకటే. కాగితం మీద ఇంగ్లీషు బీ, డీ కవలపిల్లలు, ఇటు తిప్పితే ఇది, అటు తిప్పితే అది, కొందరు పిల్లలకు అవి ఎప్పటికీ తికమకే. కీబోర్డు మీద అలా కాదు. బీ ఎడమ చూపుడువేలిది, కింది వరుసలో ఉంటుంది. డీ ఎడమ నడిమివేలిది, మధ్య వరుసలో ఆ వేలి కిందే కదలకుండా ఉంటుంది. ఎవరిల్లు వాళ్లది. గీయక్కర్లేదు, వంచక్కర్లేదు, వెళ్లి తలుపు తట్టడమే. ఏడు నెలలు, ప్రేమమణి ఇంట్లో పాత కంప్యూటరు ముందు, రోజూ సాయంత్రం గంటన్నర. మొదటి నెల జెబా ఏడ్చింది, రెండో నెల ప్రేమమణి ఏడ్చింది, మూడో నెలలో ఒక రోజు లైను మొత్తం తప్పు లేకుండా వచ్చింది. తెర మీద దాన్ని చూసి, కుర్చీ వెనక్కి జరుపుకుని, "గిది నేను రాసిందేనా టీచర్?" అంది జెబా. ప్రేమమణి వంటింట్లోకి వెళ్లి గ్లాసెడు నీళ్లు తాగి చాలాసేపు అక్కడే నిలబడింది. ఆ ప్రశ్న ఆమె అంతకుముందు ఒకసారి విన్నది.

అక్కా, ఇది నేను రాసిందేనా? ఇవాన్. తమ్ముడు. పదహారేళ్లు, మూతి మీద అప్పుడప్పుడే నూగు, పొద్దున్నే ఐదున్నరకు మూడో నంబరు మెషిన్ ముందు. ఇన్‌స్టిట్యూట్ వాళ్లబ్బాయి, పన్నెండు మెషిన్ల మధ్య పుట్టి పెరిగినవాడు, ఒక్కదాన్నీ ముట్టుకోవడానికి వీల్లేదు. వాకిట్లో బోర్డు మీద ఎర్రటి అక్షరాలతో ఉండేది, ఎస్సెస్సీ పాసైన వారికి మాత్రమే ప్రవేశం అని. ఇవాన్ రెండుసార్లు తప్పాడు. నా కొడుక్కి ఒక రూలూ ఊరికి ఒక రూలూనా అనేవాడు నాన్న, అందులో ఆయనకు అదో గర్వం. చర్చిలో కీర్తనలన్నీ ఇవాన్‌కు నోటికి వచ్చు, పుస్తకం తెరవకుండా పాడేవాడు, తెరిస్తే తడబడతాడు కాబట్టి తెరిచేవాడు కాదు. నోట్లో ఉన్నది చేతిలోకి రమ్మంటే రాదు. నాన్న దానికి పెట్టిన పేరు మొండితనం. అప్పట్లో దానికి ఇంకో పేరు ఉందేమో కానీ కార్ఖానా దాకా రాలేదు. తాళంచెవి ప్రేమమణి దగ్గరే ఉండేది. నాన్న తెల్లవారి ప్రార్థనకు వెళ్లాక రారా, ఎవరికీ తెలీదు అంది ఒక రోజు, ఆమే అంది, వాడు అడగలేదు. నెల రోజులు. ఆ రిబ్బను వాసన, ఆ నూనె వాసన, చలికి చేతులు చంకల్లో పెట్టుకుని వెచ్చబరుచుకుని మొదలుపెట్టేవాడు. లైను చివరికి రాగానే మెషిన్ గంట టింగ్‌మంటే, ఎవరో తనను పేరు పెట్టి పిలిచినట్టు ప్రతిసారీ నవ్వేవాడు, క్యారేజీని అరచేత్తో వెనక్కి తోసేవాడు. నెల చివర వచ్చింది ఒక లైను. తన పేరు, అక్క పేరు, గ్రేస్ టైప్‌రైటింగ్, సికింద్రాబాద్. ఒక్క తప్పు లేదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఉందా అది ఇంకా, ఎక్కడైనా, ఏ పెట్టె అడుగునో, మడతల దగ్గర చిరిగిపోయి అయినా సరే ఉందా?

హకీంపేట వైపు నుంచి ట్రైనింగ్ విమానం ఒకటి తక్కువ ఎత్తులో వచ్చింది, స్కూలంతా దాని రొదలో మునిగింది. పాడుగాను, ఇప్పుడే రావాలా ఇది. అది దాటిపోయాక ప్రేమమణి చెవులు రిక్కించింది. ఏమీ లేదు. టక లేదు, టప్ లేదు. గోడ గడియారంలో పదకొండూ నలభై. ఆంటీ అంది బానో, ఉండమ్మా అంది ఆమె. నలభై ఒకటి. ఏమైంది పిల్లా? అక్షరం పోయిందా? ధైర్యం పోయిందా? చెప్పాను కదా, ఆగిపోతే చేతులు ఒడిలో పెట్టుకో, ఊపిరి పీల్చుకో, ఎడమ చూపుడువేలితో తడుముకుంటే ఎఫ్ మీద చిన్న గీత తగులుతుంది, ఇంటికి వచ్చేసినట్టే, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టు. చెప్పాను. చెప్పానా? నలభై రెండు. లేచి తలుపు తట్టబోయి కూర్చుంది, తడితే సాయం చేసినట్టు అవుతుంది. చప్పుడు లేకపోతే ఆమెకు భయం, చిన్నప్పటి నుంచీ కాదు, ఆ రోజు నుంచి.

ఆ రోజు, పిల్లల టైపు లోయర్ పరీక్ష ఇంకో వారం ఉందనగా, పరీక్ష సెంటరుకు ఎవరి మెషిన్లు వాళ్లే రిక్షాలో మోసుకుపోవాలి కాబట్టి, నాన్న ఒక్కొక్కదాన్నీ తుడిచి నూనె వేస్తూ వచ్చి మూడో నంబరు దగ్గర ఆగాడు. ఇంగ్లీషు 'ఇ' అక్షరం ఉన్న ఇనుప పుల్ల వంగి ఉంది. తొందరలో నాలుగు కీలు ఒక్కసారే నొక్కాడు ఇవాన్, అవి చిక్కుపడ్డాయి, లాగాడు, వంగింది. అక్కా ఏం చేద్దాం అని ముందురోజే ఆమెకు చెప్పాడు. నేను చూసుకుంటాలే అంది. చూసుకుంటాలే! మహా చూసుకుంది! "ఎవడ్రా దీన్ని ముట్టుకుంది?" అన్నాడు నాన్న. మెషిన్లన్నీ ఆగిపోయాయి. తలుపు తీసిందెవరని ఆయన అడగలేదు, అడిగి ఉంటే చెప్పేదాన్నే అని ఎన్ని వేలసార్లు అనుకుందో, అబద్ధం, అడిగినా చెప్పేది కాదు. ఇవాన్ ఆమె వంక చూశాడు. ఒక్కసారే. ఆమె హాజరు పట్టీలోకి చూసింది. "నేనే నాన్నా" అన్నాడు వాడు, తాళంచెవి మాట ఎత్తనే లేదు. నాన్న కొట్టలేదు, రెండు తగిలించినా బాగుండేది. కూర్చోబెట్టి, మెషిన్ ముట్టుకోను అని వందసార్లు చేత్తో రాయమన్నాడు. చేత్తో. ఇవాన్‌ను. మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేవేళ దాకా కూర్చుని వాడు రాసింది తొమ్మిది లైన్లు, ఒకటి నిండుగా, ఒకటి సగం, ఒకటి రెండు ముక్కలు. ఆ కాగితాన్ని నాన్న అందరికీ కనపడేలా పైకెత్తి, "ఇదీ మావాడి రాత" అన్నాడు. తప్పు నాది నాన్నా, తలుపు నేను తీశాను. ఆరు మాటలు. నిమిషానికి నలభై మాటల స్పీడు ఆమెది, ఫస్ట్ క్లాసులో పాసైంది. ఆరు మాటలకు నోరు పెగల్లేదు.

మూడు వారాలకు వాడు వెళ్లిపోయాడు. వెళ్తున్నానని ఆమెకు ఒక్కదానికే చెప్పాడు, కాజీపేటలో పార్శిల్ మోసే పని ఎవరో చూపిస్తామన్నారట. ఆపాల్సింది. ఆపడానికి ఏ మొహం పెట్టుకుని ఆపుతుంది? నోటికి వచ్చింది ఒకటే, ఉత్తరం రాయరా అంది. అని నాలుక కరుచుకుంది, ఎవరితో ఏం మాటంటున్నావే దిక్కుమాలినదానా అని. వాడు నవ్వాడు, పాపం, నవ్వి తల వంచుకున్నాడు. ఆ మధ్యాహ్నమే పోస్టాఫీసుకు వెళ్లి పన్నెండు కార్డులు తెచ్చి, ఆ మూడో నంబరు మెషిన్ మీదే, పన్నెండింటి మీదా తన పేరూ ఇంటి అడ్రసూ కొట్టింది. బాగు చేయించినా ఆ 'ఇ' మాత్రం లైనుకు కాస్త పైకే పడేది, సికింద్రాబాద్ అన్న మాటలో రెండుసార్లు. స్టేషన్లో ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీద ఆ కార్డుల కట్ట వాడి చేతిలో పెట్టింది. ఏం రాయక్కర్లేదురా, ఎక్కడుంటే అక్కడ డబ్బాలో పడెయ్యి, బతికున్నావని నాకు తెలుస్తుంది అంది. అయిపోతేనో అన్నాడు. అయిపోయేలోగా వచ్చెయ్యి అంది.

పదకొండు వచ్చాయి, ఆరేళ్లలో. వెనక అంతా తెలుపు, ముందు తను కొట్టిన తన అడ్రసే, దాని మీద నల్లటి ముద్ర. కాజీపేట, బల్లార్షా, ఇటార్సీ, మళ్లీ కాజీపేట, చివరిది రాయచూరు. మీకు మీరే రాసుకుంటున్నారా అమ్మా, అదీ ఏం రాయకుండా అని పోస్ట్‌మ్యాన్ వేళాకోళం చేసేవాడు. నాన్న ఏమీ అడిగేవాడు కాదు, కార్డు వచ్చిన రోజు మాత్రం దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి వెలుతురుకు ఎత్తి పట్టి అటూ ఇటూ తిప్పేవాడు, పెన్సిల్ గీతయినా ఉందేమోనని. ఉండేది కాదు. తీసుకెళ్లి బైబిల్లో పెట్టేవాడు. పోయేముందు ఆయన అడిగిందీ అదే, కార్డొచ్చిందా అని. రాలేదు నాన్నా, పన్నెండోది రాలేదు. వాడి దగ్గరే ఉంది. పోగొట్టుకున్నాడో, తడిసిపోయిందో, లేక వాడే... ఛ, ఆ మాట ఆమె అనుకోదు. దాచుకున్నాడు, అంతే. వేసేస్తే ఇక అయిపోతుందని దాచుకున్నాడు. నలభై మూడేళ్లయింది. సంబంధాలు వచ్చాయి, ఇల్లరికం ఉంటాడా అని అడిగేది, వాళ్లు నవ్వి లేచిపోయేవాళ్లు. ఇన్‌స్టిట్యూట్ మూతబడింది, మూడో నంబరు తప్ప మెషిన్లన్నీ పాతసామాను వాడు పట్టుకుపోయాడు. బిల్డరు వచ్చి ఇది కూల్చి ఫ్లాటు ఇస్తామన్నాడు, అడ్రసు మారిపోతుందయ్యా అంటే పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఇంటి నంబర్లు మార్చినప్పుడు కొత్త రేకు పక్కనే పాత రేకు కూడా మేకు కొట్టి ఉంచింది. ఒరే, ఎక్కడున్నావురా? నీకిప్పుడు యాభై తొమ్మిది. జుట్టు నెరిసిందా, నీకు వండి పెట్టే మనిషి ఉందా, కీర్తనలు ఇంకా పాడుతున్నావా? ఒక్కసారి కనపడరా. తిట్టు, కొట్టు, మొహం మీద ఉమ్మెయ్యి, ఒక్కసారి కనపడు.

టక. ఒక్కటే. ఎడమ చూపుడువేలు. ప్రేమమణి కళ్లు తెరిచింది. టక టక. టప్. టక టక టక టక, టప్.

"షురూ చేసింది ఆంటీ!" బానో రెండు చేతులూ ఆమె భుజం మీద వేసేసింది. "యా అల్లా, నా ప్రాణం పోయి వచ్చింది."

పదకొండూ నలభై ఐదు. పదిహేను నిమిషాలు ఉంది, చాలు, పరుగులు పెట్టకు, అలాగే, అలాగే పో. ఏమాలోచించావే అంతసేపు? ఎవరికో మొదలుపెట్టి ఇంకేం రాయాలో తోచలేదా? ఊళ్లో లేని బంధువుకు ఒక ఉత్తరం అని ఇచ్చింది మేడం, జెబా బంధువులంతా బోయిన్‌పల్లి, బొల్లారం దాటి లేరు. వచ్చింది వేగం, బొటనవేలు కూడా తేలికపడింది. లైను చివర చిన్న ఆగు, కుడి చిటికెనవేలు, మళ్లీ పరుగు. ఆ ఆగులో జెబా లోపల ఏమంటుందో ఆమెకు తెలుసు. టింగ్ అంటుంది. ప్రేమమణే నేర్పింది. ఈ కంప్యూటరుకు గంట లేదు కాబట్టి మొదట్లో తనే పక్కన కూర్చుని లైను చివరికి రాగానే నోటితో టింగ్ అనేది, అనగానే ఎంటర్ కొట్టాలి. తర్వాత్తర్వాత జెబాయే అనుకునేది గొణుగుతూ. ఆ కార్డులు బయటపడ్డదీ అలాంటి ఒక సాయంత్రమే. కాగితాల కోసం సొరుగు తీసిన పిల్ల కట్ట చేతిలోకి తీసుకుని, గివాటి మీద ఏం లేదు కద టీచర్ అంది. ఉంది, బతికున్నానని ఉంది అంది ప్రేమమణి, తమ్ముడి సంగతి చెప్పింది, రాయడం రాదనీ, పది పాసవ్వలేదని మెషిన్ ముట్టనివ్వలేదనీ, వెళ్లిపోయాడనీ, ఒక కార్డు ఇంకా రావాలనీ. తాళంచెవి సంగతి మాత్రం చెప్పలేదు. జెబా ఒక్కో కార్డునూ తిప్పి చూసి, "నా లెక్కనే కద టీచర్" అంది. అవునే, నీ లెక్కనే.

పన్నెండయింది. స్కూలు గంట మోగింది. లోపల ప్రింటరు గుర్రుమంది. తలుపు తీసి రమ్మన్నాడు ఆశీష్. జెబా కుర్చీ పక్కన నిలబడి ఉంది, పైపెదవి మీద చెమట, తల్లి వైపు కాకుండా టీచరు వైపు చూసింది. కల్పలత మేడం కళ్లజోడు సర్దుకుని ప్రింటు కాగితాలు చేతిలోకి తీసుకుంది. మొదటి పేజీ చూసింది. నుదురు ముడిపడింది. రెండోది చూసింది, మూడోది చూసింది.

"ఏంటిది?" అంది, మొదటి పేజీ అందరికీ కనపడేలా పైకెత్తి. "ఒక లైను నిండుగా ఉంది, తర్వాతి లైన్లో రెండే మాటలు. మళ్లీ నిండుగా, మళ్లీ రెండు మాటలు. పేజీలు నింపడానికా ఇలా? ఇలా పంపితే బోర్డు వాళ్లు ఏమంటారు?"

ఒకటి నిండుగా, ఒకటి సగం, ఒకటి రెండు ముక్కలు. జెబా మొహం పాలిపోయింది, నాకేం తెల్వదు అనలేదు, నేను చెయ్యలేదు అనలేదు, ప్రేమమణి వంకే చూసింది. ఒక్కసారి. ఆ చూపు ఆమెకు తెలుసు. ఇదిగో, మళ్లీ అదే గది, అదే పైకెత్తిన కాగితం. చూసుకోవడానికి హాజరు పట్టీ మాత్రం లేదు చేతిలో. ఏమైంది, ఎందుకైంది? టింగ్. ఓరి దేవుడా. టింగ్.

"మేడం, తప్పు పిల్లది కాదు. నాది." గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు, గదిలో కాస్త గట్టిగానే వినపడింది. "నేను టైప్‌రైటరు మనిషిని. లైను అయిపోగానే క్యారేజీ తొయ్యాలి, లేకపోతే అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. నలభై ఏళ్లు అదే చేశాను, అదే నేర్పాను. ప్రతి లైను చివరా ఎంటర్ కొట్టమని దీనికి చెప్పింది నేను. నేనే చెప్పాను. తప్పు నాది."

ఆశీష్ ముందు నోరు తెరిచాడు, తర్వాత నవ్వేశాడు. "అదా మేడం! మీరు చదువుకోవడానికి వీలుగా ఉంటుందని ప్రింటు ఇచ్చేముందు నేను అక్షరాల సైజు పెంచాను. పెంచేసరికి లైన్లు విరిగిపోయాయి. కంప్యూటర్లో లైను దానంతటదే కిందికి దిగుతుంది ప్రేమమణిగారూ, మనం తొయ్యక్కర్లేదు." ఏడు నెలలు! ఏడు నెలల్లో ఒక్కసారి తట్టలేదు తనకు ఆ సంగతి. ఆశీష్ సైజు తగ్గించి, ఎంటర్లన్నీ ఒక్కొక్కటిగా తీసేస్తూ లైన్లు కలపడం మొదలుపెట్టాడు, కలిపినకొద్దీ ఉత్తరం కుదించుకుపోతోంది, మూడు పేజీలు రెండయ్యాయి, రెండోది కింది నుంచి తరుగుతూ వస్తోంది, ఒకటిన్నర ఉండాలి, ఒకటిన్నర. బానో కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. ఆగింది. ఒకటిన్నర పేజీ, పైన ఇంకో నాలుగు లైన్లు. మళ్లీ ప్రింటు తీసి ఇచ్చాడు.

ఈసారి మేడం పైకే చదివింది. ఆమె చదివింది ఇంగ్లీషులోనే, ప్రేమమణికి వినపడింది మాత్రం తెలుగులో. ప్రియమైన ఇవాన్ అంకుల్, నేను మీకు తెలియదు. మీ అక్క దగ్గర టైపు నేర్చుకుంటున్నాను. నాకు కూడా చేత్తో రాయడం రాదు. మీ అక్క బాగా తిడుతుంది, కానీ వెళ్లేటప్పుడు బిస్కెట్లు ఇస్తుంది. మీరు పంపిన పదకొండు కార్డులూ నేను చూశాను. వాటి మీద ఏమీ లేదని నేనూ అనుకున్నాను. తర్వాత ఆలోచించాను. ఏమీ రాయడం రాకపోయినా మీరు పదకొండుసార్లు పోస్టు డబ్బా దాకా నడిచారు. అది రాయడమే. మీ దగ్గర ఇంకో కార్డు ఉంది. దాన్ని వేయొద్దు. మీరే రండి. మీ అక్క ఇల్లు మారలేదు, గోడ మీద పాత నంబరు అలాగే ఉంది. మూడో నంబరు మెషిన్ కూడా ఉంది. ఇప్పుడు దాని మీద కూర్చోవాలంటే పదో తరగతి పాసవ్వక్కర్లేదు, అప్పుడప్పుడు నేనే కూర్చుంటున్నాను. ఇంకా చాలా ఉంది, బోయిన్‌పల్లి మార్కెట్ గురించీ, తన పరీక్షల గురించీ, సేమ్యా గురించీ, మేడం చదువుతూనే ఉంది, ప్రేమమణికి మాత్రం అది రాయడమే అన్న దగ్గరే ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. ఏడ్చింది, అందరి ముందూ, చిన్నపిల్ల ఏడ్చినట్టు. బానో ఆమె వీపు రాస్తూ, ఏమైందో సగమే అర్థమై, తనూ ఏడవడం మొదలుపెట్టింది.

కల్పలత మేడం కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. "స్పెల్లింగులు కొన్ని పోయాయి. పోనీ. బోర్డుకు ఇవాళే రాస్తాను, పక్కన ఎవరూ కూర్చోనక్కర్లేదని కూడా రాస్తాను" అంది. తర్వాత అలవాటుగా హెడ్‌మిస్ట్రెస్ గొంతుతో, "కానీ జెబా, ఉత్తరంలో ఆయన అడ్రసు ఏదీ? ఖాళీగా వదిలేశావు, దానికి మార్కు పోతుంది తెలుసా?"

"నాకు తెల్వదు మేడం" అంది జెబా. "నడుమ అడ్రసు కొడదామని పైకి పోయి గాడనే ఆగిపోయిన చాలాసేపు. ఆ అంకుల్ ఏడున్నడో టీచర్‌కే తెలుస్తది అనుకొని వదిలిపెట్టిన." తను కూర్చున్న కుర్చీని ప్రేమమణి వైపు తిప్పింది. "టీచర్, మీరు కొట్టరా?"

పరీక్ష అయిపోయిందిగా, కొట్టండి అంది మేడం. ప్రేమమణి కూర్చుంది. కళ్లు తుడుచుకుని, అరచేతులు చీరకు రాసుకుని, వేళ్లు మధ్య వరుస మీద పెట్టింది. ఎఫ్ మీద గీత తగిలింది. నలభై మూడేళ్లుగా ఎవరడిగినా వాడి అడ్రసు తెలియదనే చెబుతూ వచ్చింది, పోలీసు స్టేషన్లో, చర్చిలో, చుట్టాలకు, పోయేముందు నాన్నకు. వేళ్లు మాత్రం ఆగలేదు. తెర వైపు చూడకుండానే ఇవాన్ ఏసురత్నం అని కొట్టింది. దాని కింద గోడ మీది పాత నంబరు, కార్ఖానా మెయిన్ రోడ్డు వెనక సందు, సికింద్రాబాద్. వాడి ఇల్లు అదే కదా.